కథలు చెప్పేది నేనే

అన్నా,

చౌరస్తాలో కరీంనగర్ బస్సు హారన్ వినబడుతున్నది, త్వరగా రాస్తున్నాను. పప్పు పొయ్యి మీదే ఉన్నది. అవ్వ తిన్నాక బీపీ గోలీ ఇవ్వు. నన్ను ఆపడానికి బస్టాండుకు రాకు.

హైదరాబాద్‌లో జరిగే ఆన్‌లైన్ వీడియోల సదస్సుకు కరీంనగర్ మీదుగా నేనే పోతున్నాను. ఆహ్వానం నీ పేరున వచ్చిందని తెలుసు. కరెంటు పోయి మన బట్టలు నేసే సాంచెలు ఆగినప్పుడల్లా, ఆ కాసింత నిశ్శబ్దంలో కథ చెప్పి రికార్డు చేసింది నేను. ఆ కథల ఛానెల్‌కు పెట్టింది నీ పేరు. "ఆడివిల్ల పేరు అందరి ఫోన్లల్ల తిరుగుడేంది, ప్రణయ్ పేరు పెట్టుండ్రి" అని బాపు అన్నడు. నువ్వు ఊకున్నవు. నిన్న కూడా, "నలుగుర్ల నీకు నోరు పెగలదు, నేనే పోత తియ్" అన్నవు. నాకు భయమే అన్నా. భయపడుతూనే పోతాను.

సదస్సుకని ఇస్త్రీ చేయించుకున్న నీ అంగీ మడత చెడకుండా బీరువాలో పెట్టాను. కోపం తగ్గాక తొడుక్కో.

మరిచాను: బ్యాడ్జీ మీద ఏ పేరు రాయాలని సదస్సువాళ్లు నిన్న నువ్వు ఇంట్లో లేనప్పుడు ఫోన్ చేసి అడిగారు. రెండుసార్లు చెప్పినా వాళ్లకు వినబడలేదు. మూడోసారి వీధికి వినబడేటట్టు చెప్పాను: నవ్యశ్రీ.