తలుపు దగ్గర ఉద్యోగం

శ్రీమతిగారికి,

ఇక్కడ నేను క్షేమం, మన పిల్ల దొరసాని క్షేమం, మీ అమ్మగారు నన్ను రెండు పూటలా తిట్టగలిగేంత క్షేమం. నువ్వూ వేళకు తిని, వేళకు పడుకుంటూ బాగున్నావనే అనుకుంటున్నాను. ఫోన్లో చెప్పొచ్చుగా, ఈ ఉత్తరమేమిటి అంటావేమో. ఫోన్లో అయితే నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను, మధ్యలో అత్తయ్య ఫోను లాక్కుంటుంది. అందుకే కుట్టుమిషను మీది గుడ్డలు పక్కకు నెట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నువ్వూ తీరిగ్గా చదువు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. దొరసాని కదిలే పన్ను దానంతటదే ఊడింది, డాక్టరు అవసరం పడలేదు. జుట్టు కత్తిరించనిచ్చింది, కానీ ఒక పక్కే. రెండో పక్కకు ఇంకా బేరాలు నడుస్తున్నాయి. నీ నీలం శాలువా నేను దాచలేదు, అది కప్పుకునే పడుకుంటోంది.

ఇక బడి. కొత్త భవనం చూస్తే నీకు నోట మాట రాదు. పాత గోదాములో గోడలకు చెమ్మ, ఒక్కటే బాత్‌రూము, వానొస్తే బెంచీలు జరుపుకోవడం, అవన్నీ నువ్వు చూసినవే. ఇప్పుడు పిల్లల ఎత్తుకు తగ్గట్టు కుళాయిలున్నాయి. కాళ్లు పట్టు తప్పిన పిల్లలకు గోరువెచ్చటి నీళ్ల తొట్టి, అందులో దిగడానికి కమ్మీలు. గోల భరించలేని పిల్లలు కాసేపు ఊపిరి తీసుకోవడానికి మెత్తటి గోడలతో, మసక వెలుతురుతో ఒక గది. వంట నేర్చుకునే గదిలో పొయ్యి కూడా చక్రాల కుర్చీకి అందేట్టు కట్టారు. పెద్ద టీచరమ్మ ఎన్ని ఆఫీసుల మెట్లెక్కి దిగిందో, ఆవిడ కాళ్లకు దండం పెట్టాలనిపించింది.

అంతా బాగుంది, తలుపు తప్ప. దొరసాని బడికి పోవడం లేదని అత్తయ్య నీ చెవిన వేసింది కదా, దానికి కారణం ఆ తలుపే.

పాత బడి చెక్కతలుపు నీకు గుర్తుండే ఉంటుంది. వానకు ఉబ్బి ఎవరికీ లొంగేది కాదు. కాస్త పైకెత్తి భుజంతో నెట్టాలి, ఆ కిటుకు మన పిల్లకే తెలుసు. పొద్దున్నే తెరిచి, వీపుతో ఆపి పట్టుకుని, వచ్చినవాళ్లందరినీ "రా" అని పిలిచేది. ఇంటి గడప దాటాక దాని నోట వచ్చే మాట అదొక్కటే. కొత్త బడికి అద్దాల తలుపులు పెట్టారు. మనిషి దగ్గరకొస్తే చాలు, వాటంతటవే పక్కలకు జరిగిపోతాయి. మొదటి రోజు మన పిల్ల పిడి కోసం అద్దమంతా తడుముదామని వెళ్లింది. చెయ్యి ఆనేలోపే అది తెరుచుకుంది. వెనక్కి వచ్చింది, మూసుకుంది. మళ్లీ వెళ్లింది, మళ్లీ తెరుచుకుంది. అక్కడే మెట్టు మీద కూలబడింది, ఇక లేవలేదు. ఆ రోజు నుంచి నాకు "రా" అన్న మాట వినబడలేదు.

"కొత్త కదా, అలవాటు పడుతుంది" అన్నారు టీచర్లు. పడలేదు. రోజూ మెట్టు దాకా వెళ్లడం, వెనక్కి రావడం. అప్పుడే నీ ఉత్తరం వచ్చింది. పిల్ల బడి మానేస్తే నువ్వు శిక్షణ వదిలేసి వచ్చేస్తానన్నావు. చదివి నాకు కడుపు మండిపోయింది. ఆపరేషన్ గది నర్సువి కావాలని నువ్వెంత తపించావో నేను చూడలేదా? ఒక తలుపు నీ చదువునూ, మన పిల్ల చదువునూ మింగేస్తుంటే నేను కాజాలు కుట్టుకుంటూ కూర్చోవాలా?

పిల్లలు చేరిన కొన్నాళ్లకు భవనానికి ప్రారంభోత్సవం పెట్టారు, ఆ రోజు సంగతి విను. వేదికకు తెరలు కుట్టింది నేనే, వాటిని కట్టడానికి పెందలాడే లోపలికి వెళ్లాను. అత్తయ్య, దొరసాని బయట మెట్ల మీద. ముఖ్య అతిథి వచ్చాడు, పరివారమంతా వెనకాలే. తలుపు తెరుచుకోలేదు. ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు, ముందుకు వేశాడు, చేతులు ఊపాడు. పెద్ద టీచరమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

అప్పుడు దొరసాని అమ్మమ్మ చెయ్యి విడిపించుకుంది. వెళ్లి అద్దాన్ని భుజంతో నెట్టింది. కదల్లేదు. పైకెత్తబోయింది. కదల్లేదు. అప్పుడు రెండు అద్దాల మధ్య సందులో వేళ్లు దూర్చి పక్కకు లాగింది. కాస్త జరిగింది. ఇంకాస్త లాగి, వీపుతో ఆపి పట్టుకుని, అంత పెద్దమనిషిని చూసి "రా" అంది.

"రండి అనవే తల్లీ" అని అత్తయ్య తల పట్టుకుంది. ఆయన నవ్వుతూ "వస్తున్నానమ్మా" అని లోపలికి నడిచాడు. వెనకాల అందరినీ పిలిచింది. నేను తెరల చాటున ఏడ్చాను, దాచడమెందుకు.

ఇప్పుడు అసలు మాట. ఆ తలుపు దానంతటది ఆగలేదు. తలుపుకు లోపలివైపు స్తంభం పక్కన ఉన్న తాళం చెవి తిప్పితే కరెంటు ఆగుతుందని, అప్పుడు చేత్తో జరపొచ్చని పొద్దున వాచ్‌మన్ తిప్పుతుంటే చూశాను. అతిథి కారు రాగానే ఆ చెవి తిప్పింది నేనే.

పెద్ద టీచరమ్మ కనిపెట్టేసింది. గదిలోకి పిలిచి కడిగేసింది. "చక్రాల కుర్చీ పిల్ల మొన్న ఎవరి సాయం లేకుండా తనంతట తను లోపలికొచ్చింది. ఆ సంతోషంలో పదిసార్లు బయటికీ లోపలికీ తిరిగింది. ఆ తలుపు ఆపేస్తే ఆ పిల్ల గతేంటి?"

ఆవిడ మాటలో న్యాయముంది, నేను తల వంచాను. కానీ నోరు మూసుకోలేదు. "తలుపు ఉండాల్సిందేనమ్మా. మా పిల్లకున్నది ఒక్కటే ఉద్యోగం, అది ఊడింది. ఇంకోటి ఇవ్వండి. ఇచ్చేదాకా రోజూ వచ్చి ఇక్కడే కూర్చుంటాను" అన్నాను.

"మీ ఆవిడ మిమ్మల్ని ఎలా భరిస్తోంది?" అంది.

"దూరంగా ఉండి" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. కానీ మర్నాడు వాచ్‌మన్ చేత ఆ తాళం చెవి దొరసాని చేతికి ఇప్పించింది. ఇప్పుడు పొద్దున్నే అది చెవి తిప్పితేనే తలుపు పని మొదలుపెడుతుంది, సాయంత్రం అది తిప్పితేనే ఆగుతుంది. మొదట్లో ఎటు పడితే అటు తిప్పి వాచ్‌మన్‌ని ఏడిపించింది, ఇప్పుడు కుదురుకుంది. చెవి కోసం దాని గౌనుకు గుండీ ఉన్న జేబు కుట్టాను. తిప్పాక తలుపు పక్కన నిలబడుతుంది. చక్రాల కుర్చీ పిల్ల తనంతట తనే వస్తుంది, మనది పిలవడం మాత్రం మానదు. గంట కొట్టాక తరగతిలోకి వెళ్లి కూర్చుంటోంది కూడా.

కాబట్టి నువ్వు శిక్షణ మానేసి వచ్చావంటే నీకూ నాకూ పడదు. అది పూర్తి చేసి, పొద్దునపూట నేరుగా బడికే రా. తలుపు తెరుచుకున్నా ఆగు, లోపలికి అడుగు పెట్టకు. అది నిన్ను పిలుస్తుంది.

ఇట్లు,
నీ మొండి మొగుడు