గదికో అటక

నాన్నా,

పోస్టు చేసేది కాదు కాబట్టి కోపం దాచుకోకుండా రాస్తున్నాను. ఈరోజు నీ తద్దినం. సెలవడిగితే ఇవ్వలేదు. ఇక్కడి కాలేజీకి కట్టబోయే పది అంతస్తుల భవనం డ్రాయింగులు మా ఆఫీసులోనే గీస్తున్నాం. కింద రెండంతస్తుల్లో విద్యార్థులకు క్యాంటీను, ఆటల గదులు. పైనంతా హాస్టలు.

రేకు పెట్టెలతో దిగే పిల్లలు కదా అని గదిగదికీ తలుపు పైన అటక గీశాను. టాటానగర్ రైల్వే క్వార్టర్లో నువ్వు చెక్కలు కొట్టి చేసినటువంటిదే. "అటక నేని గది ఏటి గదిరా? పెట్టి నెత్తి మీదెట్టుకుని తొంగుంటావేటి?" అనేవాడివి. నేను హిందీలో విసుక్కునేవాణ్ణి.

ఇవాళ మీటింగంతా ముందువైపు అద్దాల గురించే. చివర్లో పెద్ద ఇంజినీరు నా గీత మీద వేలు పెట్టి ఇదేమిటన్నాడు. దానికి హిందీ మాట తట్టలేదు. "అటక" అన్నాను.

"క్యా అటకా హై?" అన్నాడు, ఏం ఇరుక్కుందని. అందరూ నవ్వారు. పెట్టెలు మంచాల కిందికి తోసుకుంటారు, తీసెయ్యమన్నాడు. ఆ మంచాలు సిమెంటు దిమ్మెలు, కింద ఖాళీ ఉండదన్నా వినలేదు.

సాయంత్రం దాకా ట్రేసింగు కాగితం మీద అటకలన్నీ బ్లేడుతో గీకుతూ కూర్చున్నాను. పదో అంతస్తులో మెట్ల పక్క గదిది మాత్రం వదిలేశాను. అడిగితే ఆయన భాషలోనే చెప్తాను.

"అటక్ గయా, సార్."