దినం మార్చలేదు

ఆదోని, 1978 ఆగస్టు, మంగళవారం రాత్రి

సోమవారం ఎవరూ కలుపుకు పోకూడదని, కూలి పెంచితేనే చేన్లో దిగాలని గోనెగండ్లలో అనుకున్నది మేం నలుగురమే. అయినా నిన్న తెల్లవారుతూనే భూస్వామి కోడుమూరు నుంచి ట్రాక్టరులో కూలోళ్లను దింపినాడు. ఆయనకు ముందే తెలిసింది. ఆ నలుగురిలో నా రూమ్మేట్ శేఖర్ మీదే అనుమానం వచ్చింది. వాళ్ల నాయన ఆయన దగ్గర గుమస్తా కదా. నాగమ్మక్కతో ఆ మాట అనేసినాను కూడా.

ఈరోజు క్లాసులు ఎగ్గొట్టి మళ్లీ పోతే, కూలోళ్ల తరపున మాట్లాడే ఆ నాగమ్మక్క నన్ను లోపలికి రమ్మనలేదు.

"నువ్వు అన్నీ రాసుకుంటావు కదప్పా. ఆ బుక్కు ఎవురికైనా సూపించినావా?"

"అది నవలక్కా. పేర్లన్నీ మార్చినాను."

"దినం మార్చినావా?"

మార్చలేదు. సోమవారమనే రాసినాను.

పోయిన వారం ఆ నోటుపుస్తకం మా తెలుగు లెక్చరర్‌కు ఇచ్చినాను, మెచ్చుకుంటాడని ఆశపడి. సాయంత్రం నేరుగా ఆయన ఇంటికి పోయినాను.

"భూస్వామి పాత్ర బాగా కుదిరింది. మా బావ కూడా చదివి నవ్వినాడు" అన్నాడు.

"మీ బావది ఏ ఊరు సార్?"

"గోనెగండ్ల. ఆ ఊర్లో సగం భూములు ఆయనవే. ఎందుకు?"

తెలిసే చూపించినాడా, తెలియకనా? ముఖం చూస్తే ఏమీ అర్థం కాలేదు.

రూముకొచ్చేసరికి శేఖర్ నాకోసం మెస్సు నుంచి అన్నం తెచ్చి మూతపెట్టినాడు. "యాడికి పోయినావు, తిను" అన్నాడు. వాని ముఖం చూడలేక తలొంచుకుని తిన్నాను. రేపు నాగమ్మక్కకు నిజం చెప్పాల. వీనికి మాత్రం ఎట్లా చెప్పేది...