ఇరవయ్యొక్క రోజులు వెటకారం బంద్

ఫిబ్రవరి 2, సోమవారం

ఉదయం 6:10. కొత్త డైరీ. కొత్త పెన్ను. కొత్త నేను.

ఇవాళ్టి నుంచి ఇరవయ్యొక్క రోజులు వెటకారం బంద్. ఎవరేమన్నా "అలాగేనండి". మరీ తట్టుకోలేకపోతే "ఆయ్".

కారణం రాసిపెట్టుకోవాలి, లేకపోతే మర్చిపోతాను. కొత్తపేటలో ఒక బళ్ళో ఎనిమిది నెలలు ఇంగ్లీషు చెప్పేను. ఒక తండ్రి వచ్చి, కాలు మీద కాలేసుకుని, మావాడికి మార్కులెందుకు రావట్లేదో చెప్పమన్నాడు. "మీ పోలికేమోనండి" అన్నాను. ఎంతో మర్యాదగానే అన్నాను. ఆయన కరస్పాండెంటుగారి బావమరిదిట. మధ్యాహ్నం బెల్లు కొట్టేలోపు నేను ఇంట్లో ఉన్నాను.

ఇప్పుడు బండారులంక చేనేత సంఘంలో రెండు వారాల పని దొరికింది. స్కాట్లండు నుంచి మోరాగ్ గారని ఒకావిడ వస్తున్నారు. ఆవిడా నేతమనిషే. శాలువాలు మన దగ్గర నేయించుకుందామని. ఆవిడ మాటలు వీళ్ళకీ, వీళ్ళ మాటలు ఆవిడకీ నేను చెప్పాలి. ఆర్డరు ఖాయమైతే సంఘంలో పర్మినెంటు ఉద్యోగం, విదేశాల ఉత్తరాలన్నీ నావే. కాకపోతే పెదనాన్నగారి ఎరువుల కొట్లో కూర్చోవాలి. ఎమ్మే ఇంగ్లీషు, యూరియా బస్తాల మధ్య.

ప్రెసిడెంటు బుచ్చిరాజుగారు పిలిచి ఒకటే చెప్పేరు. "అమ్మా సత్యప్రియా, నీ ఇంగ్లీషు మీద నాకు నమ్మకం ఉంది. నీ నోటి మీదే లేదు. ఒక్క మాట తేడా వచ్చినా నీ బదులు నిర్మలని పిలిపిస్తాను."

మినహాయింపు: ఇల్లు. వెటకారం లేకుండా మాట్లాడుకోవడం అమ్మకీ రాదు, నాకూ రాదు.

సాయంత్రం 7:00. సున్నా వెటకారాలు! (మధ్యాహ్నమంతా పడుకున్నాను. అయినా సున్నా సున్నాయే.)

ఫిబ్రవరి 3, మంగళవారం

కొత్తపేట బస్టాండు. బస్సు ఆగకముందే ఒకాయన కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టేడు. తీరా ఎక్కేక ఆ సీట్లో సంచీని కూర్చోబెట్టి, తను పక్కదాంట్లో కూర్చున్నాడు. నేను అమలాపురం దాకా నిలబడే. సంచీగారికి కిటికీ గాలి పడుతుందాండి అన్న మాట పళ్ళ దాకా వచ్చింది. మింగేసేను.

లోపల చల్లగా ఉంది. మహాత్ములకి ఇలాగే ఉంటుందేమో.

సున్నా.

ఫిబ్రవరి 5, గురువారం

మోరాగ్ గారు వచ్చేరు. యాభయ్యెనిమిదేళ్ళు, తాటిచెట్టంత పొడుగు, ఎండకి మొహం అప్పుడే టమాటా. బుచ్చిరాజుగారు దండ వేసి, "ఇంగ్లండు నుంచి విచ్చేసిన" అని మొదలుపెట్టేరు. ఆవిడకి ఒక్క ఇంగ్లండు అన్న మాటే అర్థమై, చెయ్యి అడ్డం పెట్టేరు. ఇంగ్లండు కాదు, స్కాట్లండు అని, ఆ పొరపాటు చేసినవాళ్ళని వాళ్ళ ఊళ్ళో సముద్రంలోకి తోస్తారని అన్నారు. నేను "చిన్న సవరణటండి" అని చెప్పేను.

నాకు అర్థం కాకనా? వైజాగ్ హాస్టల్లో రెండేళ్ళు నన్ను రాజమండ్రి పిల్ల అన్నారు. కోనసీమ అని, గోదావరి దాటాలని, అది వేరే లోకమని ఎంతమందికి చెప్పేనో.

మొదటి మగ్గం వీరన్న బాబాయిది. నలభై ఏళ్ళుగా చీరలు నేస్తున్నారు. పనితనంలోనూ, నోట్లోనూ ఊళ్ళో ఆయన తర్వాతే ఎవరైనా. ఆవిడ చూపించిన మ్యాపు చూసి, "రెండూ ఒకే ముక్కలో ఉన్నాయి కదమ్మా. ఇంత లంకలో అంత గొడవేంటో అడుగు" అన్నారు.

మీ దేశం భూగోళం మీద ఆసక్తి చూపిస్తున్నారని ఆవిడకి చెప్పేను.

సున్నా. నాది నాకు సున్నా. వీరన్న బాబాయివి నా లెక్కలోకి రావు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

మోరాగ్ గారు పెట్టె తెరిచి, పసిపిల్లని ఎత్తినట్టు రెండు చేతుల్తో ఒక గుడ్డ తీసేరు. ఆకుపచ్చ, నీలం గళ్ళు, మధ్యలో సన్నటి ఎర్ర గీత. వాళ్ళలో ఒక్కో వంశానికి ఒక్కో గళ్ళ వరసట. మనకి ఇంటిపేరెలాగో అలాగ. ఇది వాళ్ళ నానమ్మ చేత్తో నేసింది.

వీరన్న బాబాయి కళ్ళజోడు సవరించుకున్నారు. వేళ్ళతో తడిమేరు. తిప్పి చూసేరు.

"మా బావమరిది లుంగీ" అన్నారు.

మగ్గాలన్నీ ఆగేయి. తలలు కిందకి, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. ఏమన్నారని మోరాగ్ గారు అడిగేరు. బంధువుల్ని చూసినట్టుందిట అని చెప్పేను. ఆలోచిస్తే అబద్ధం కాదు.

తర్వాత తమ్ముడి ఫోటో చూపించేరు. అదే గళ్ళతో మోకాళ్ళ దాకా కుచ్చిళ్ళ పావడా, పైన కోటు. బాబాయి చాలాసేపు చూసి, కాలవ దాటుతుండగా తీసేరా అని అడిగేరు. తమ్ముడుగారి ఆరోగ్యం అడుగుతున్నారని చెప్పేను. ఆవిడ కళ్ళు చెమర్చేయి.

సున్నా. కానీ కడుపులో మంట. వెటకారం మింగితే ఎసిడిటీ వస్తుందా? డాక్టర్ని అడగాలి.

ఫిబ్రవరి 9, సోమవారం

మచ్చుకి రెండు మీటర్లు నేసే పని మొదలు. మోరాగ్ గారు నన్ను మగ్గం పక్కన నిలబెట్టి చెప్పించేరు. ఒక్క పోగు అటూ ఇటూ అయినా వాళ్ళ నానమ్మ సమాధిలోంచి లేచొచ్చి మగ్గం విరగ్గొడుతుందిట. ఈ మీసాలాయనకి అసలు పదిదాకా లెక్కపెట్టడం వచ్చా అని కూడా అడగమన్నారు.

అలా చెప్తే బాబాయి ఊరుకుంటారా? ఆర్డరేం కావాలి, నేనేం కావాలి?

"మీ పనితనం మీద పూర్తి నమ్మకం ఉందటండి" అన్నాను.

 బాబాయి కండువా తీసి మొహం తుడుచుకుని, పైవాళ్ళెవరూ తనతో అంత మాట అనలేదన్నారు. ఆవిడకి దణ్ణం పెట్టేరు.

చూసేరా! ఒక్క మంచి మాటతో ఎంత పని! ఈ నిర్ణయం ముందే తీసుకుని ఉంటే ఈపాటికి కలెక్టర్ని అయ్యేదాన్ని.

ఫిబ్రవరి 11, బుధవారం

సంఘం ముందు కొబ్బరిబొండాలు తాగుతున్నాం. మోరాగ్ గారు ఉన్నట్టుండి అడిగేరు.

"ప్రియా, వీళ్ళకి నేనంటే ఇష్టం లేదు కదూ?"

స్ట్రా నోట్లోంచి తీసేను. ఎందుకలా అనుకుంటున్నారన్నాను.

"మా ఊళ్ళో పొద్దుట్నుంచి నన్నెవరూ ఏడిపించలేదంటే, నేను ఏదో క్షమించరాని పని చేశానని అర్థం. ఇక్కడ వారం రోజులుగా అందరూ నన్ను పెళ్ళివారిలా చూస్తున్నారు. నేను ఆ పెద్దాయన్ని వెక్కిరిస్తే, ఆయన నాకు దణ్ణం పెడుతున్నాడు."

మావాళ్ళు మొహమాటస్తులండి అన్నాను. కోనసీమ మీద ఇంత పెద్ద అబద్ధం ఇంతకుముందెవరూ ఆడి ఉండరు.

సోమవారం మచ్చు చూసి, ఇష్టంలేని చోట పని చేయించుకోవాలో వద్దో తేల్చుకుంటానన్నారు ఆవిడ.

సున్నా. (మనసులో అనుకున్నవి లెక్కలోకి రావు. పుక్కిలిస్తూ అన్నవీ రావు.)

ఫిబ్రవరి 13, శుక్రవారం

మోరాగ్ గారు కొత్తపేట చూస్తానంటే అమలాపురంలో బస్సెక్కించేను. ఆవిడ వెళ్ళి నేరుగా ఒక తువ్వాలు మీద కూర్చున్నారు. వెనకాలే తువ్వాలు తాలూకు మనిషి. నన్ను చూసి, ఆవిణ్ణి చూడకుండా, "ఏయ్, దీన్ని లేవమను" అన్నాడు.

దీన్ని!

"అలాగేనండి. తువ్వాలుగారు ఎక్కడ దిగుతారో చెప్పండి, మేం జాగ్రత్తగా దింపుతాం" అన్నాను.

కండక్టరు టిక్కెట్లు కొట్టడం మానేసి నవ్వేడు. ఆయన తువ్వాలు లాక్కుని వెనక్కి పోయేడు. ఏమన్నావని మోరాగ్ గారు అడిగితే, మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పేను. ఆవిడ నన్ను అప్పుడే బస్సెక్కినదాన్ని చూసినట్టు చూసేరు. వారం నుంచి నువ్వు బొమ్మవనుకున్నాను, లోపల మనిషి ఉందా అన్నారు.

దీన్ని వెటకారం కింద రాయాలా? మొరటువాడితో అన్నది వైద్యం కిందకి వస్తుంది. సరే, అర.

ఫిబ్రవరి 14, శనివారం

జిరాక్సు కొట్టు, ఆటో, వాట్సాప్, పెదనాన్నగారు. మొత్తం పదకొండు. అన్నీ వైద్యమే.

ఫిబ్రవరి 16, సోమవారం

వరసగా రాస్తాను. 

ఉదయం 10:30. వీరన్న బాబాయి మచ్చుగుడ్డ తెచ్చి బల్ల మీద పరిచేరు. గళ్ళు పోగు పోగుకీ సరిపోయేయి. ఆకుపచ్చ, నీలం, ఎర్ర గీత, అంతా నానమ్మగారిదే. రెండు పక్కలా మాత్రం నాలుగు వేళ్ళ వెడల్పున జరీ అంచు. చివర కొంగు. కొంగు నిండా మామిడి పిందెలు.

"పూర్తి నమ్మకం అన్నారు కదమ్మా, మనసు పెట్టేను" అన్నారు బాబాయి. "అంచు లేకుండా మగ్గం మీంచి బట్ట దింపడానికి నాకు చేతులు రాలేదు. పాపం, వాళ్ళ నానమ్మ అంచు మర్చిపోయుంటుంది."

మోరాగ్ గారి మొహం టమాటా దాటి బీట్‌రూటు. ఇది ఎవరు చెయ్యమన్నారని అడిగేరు. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. అది మరీ భయం.

బుచ్చిరాజుగారు నావైపు చూసేరు. "భాష తేడా వచ్చింది, వీరన్న సరిగ్గా వినలేదని చెప్పమ్మా. ఆవిడే పోనిద్దురూ అంటారు."

చెప్పచ్చు. ఇంగ్లీషులో చెప్తే బాబాయికి తెలీను కూడా తెలీదు. ఉద్యోగం నిలబడచ్చు. బాబాయి ఇంకా మామిడి పిందెల మీద ముడత సవరిస్తున్నారు.

10:40. చెప్పేసేను. ముందు తెలుగులో: బాబాయీ, ఆవిడ నమ్మకం అన్లేదు. ఒక్క పోగు మారినా వాళ్ళ నానమ్మ లేచొస్తుందన్నారు, మీకు లెక్కలొచ్చా అన్నారు, తప్పు నాది. తర్వాత ఇంగ్లీషులో: బావమరిది లుంగీ. కాలవ. లంకలో గొడవ. పది రోజులుగా నేను మింగినవన్నీ వరసగా, ఒక్కటి వదలకుండా.

బుచ్చిరాజుగారు కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు.

"లుంగీ అన్నాడా?" అన్నారు మోరాగ్ గారు.

"అన్నారండి."

ఆవిడ వెళ్ళి బాబాయి ఎదురుగా నిలబడ్డారు. ఆయన ఆవిడ భుజం దాకా వస్తారు.

"చెప్పు ఈయనకి. మా తమ్ముడి మోకాళ్ళ సంగతి తర్వాత. ఈ మీసం మా గొర్రెకి పెడితే గొర్రె సిగ్గుతో చచ్చిపోతుంది."

ఉన్నదున్నట్టు చెప్పేను. బాబాయి మీసం దువ్వుకున్నారు. నవ్వు మీసం కింద మొదలై చెవుల దాకా వెళ్ళింది.

"ఇదీ మాటంటే. ఇన్నాళ్ళూ ఈ పిల్ల మన చేత సత్యనారాయణ వ్రతం చేయించిందమ్మా. గొర్రె సిగ్గుపడిందంటే, అక్కడ సిగ్గున్నది దానికొక్కదానికే అన్నమాట అని చెప్పు."

చెప్పేను. ఆవిడ బల్ల మీద చరిచి మరీ నవ్వేరు. అక్కణ్ణించి నలభై నిమిషాలు ఆగలేదు. మిగతా మగ్గాలవాళ్ళు కూడా వచ్చి చేరేరు. నా గొంతు పోయింది.

అయితే అంచు మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు. పరువు పరువే. మళ్ళీ నేస్తేనే ఆర్డరుట. గురువారానికి నేస్తానని, కావాలంటే పక్కన కూర్చుని పోగులు లెక్కపెట్టుకోమని, ఆవిడకి లెక్క వస్తేనే అని బాబాయి.

ఇవాళ్టి వెటకారాలు: లెక్క వదిలేసేను.

ఫిబ్రవరి 19, గురువారం

మూడు రోజులూ ఆవిడ మగ్గం పక్కనే. ఆవిడ ఇంగ్లీషులో లెక్క, ఆయన తెలుగులో లెక్క. తేడా వచ్చినప్పుడల్లా తప్పు నాదన్నారు ఇద్దరూ.

11:15. గళ్ళు సరి. అంచు లేదు. బాబాయి దింపుతున్నప్పుడు మొహం పక్కకి తిప్పుకున్నారు గానీ దింపేరు. మోరాగ్ గారు ఆర్డరు మీద సంతకం పెట్టేరు!

జరీ అంచుది తిరిగిచ్చేస్తే సంఘంలో అద్దాల బీరువాలో పెట్టుకుంటామన్నారు బుచ్చిరాజుగారు. తన జన్మలో ఇంత వికారమైన గుడ్డ చూళ్ళేదని, పొరపాటున కూడా ఎవరి కంటా పడకూడదని మోరాగ్ గారు చెప్పేరు. చెప్తూనే దాన్ని నాలుగు మడతలు పెట్టి, పెట్టెలో కాదు, చేతిసంచీలో పెట్టుకున్నారు. జిప్పు లాగేరు.

నా ఆర్డరు కూడా వచ్చింది. సోమవారం నుంచి ఉద్యోగం. బుచ్చిరాజుగారు కాగితం ఇస్తూ, వదలకుండా పట్టుకుని, "ఆవిడతో ఎలాగన్నా మాట్లాడమ్మా. సంఘం సభ్యులతో మాత్రం..." అన్నారు. మాటిచ్చేను. మళ్ళీ ఇరవయ్యొక్క రోజులు. ఈసారి ఏ మినహాయింపూ లేదు. క్రితంసారి ఇంట్లో అలవాటు తప్పకపోవడం వల్లే బయట జారింది.

ఫిబ్రవరి 23, సోమవారం

ఉదయం 6:10. ఒకటో రోజు.

6:15. అమ్మ కాఫీ తెచ్చి, "ఆఫీసరుగారు లేచేరా, ఇంక సూర్యుణ్ణి రమ్మని చెప్పనా" అంది. క్షమించమ్మా, రేపట్నుంచి పెందలాడే లేస్తాను, కాఫీ చాలా బాగుంది అన్నాను. అమ్మ గ్లాసు వైపు చూసింది, నా వైపు చూసింది.

6:50. ఉప్మా బాగుందమ్మా. అమ్మ నుదురు పట్టుకు చూసింది. నాది.

7:20. గిన్నె నేను కడుగుతానమ్మా, నువ్వు కూర్చో అన్నాను. అమ్మ నిజంగానే కూర్చుండిపోయింది.

7:40. వంటింట్లోంచి ముక్కు చీదిన చప్పుడు. వెళ్ళి చూస్తే కొంగుతో కళ్ళొత్తుకుంటోంది.

"కోపం వస్తే తిట్టవే. ఇలా మర్యాదగా మాట్లాడి చంపకు. నీ నీలం చున్నీ నేలగుడ్డ చేసేనని నీకు ఎవరు చెప్పేరు?"

7:41. నీలం చున్నీయా?

7:42. ఒకటో రోజు రేపట్నుంచి. ఇవాళ అమ్మతో పనుంది.