కంచె అవతలి పువ్వులు

బెజవాడ,
ఈస్టరు ఆదివారం, 1944.

సువార్తా,

రాయి ఎవరు దొర్లిస్తారని అడుగుతూ ఇంకెన్నాళ్లు ఆ గుడివాడ వంటింట్లో కూర్చుంటావు? ఆ తెల్లవారుజామున ప్రభువు సమాధి దగ్గరికి బయలుదేరిన ఆడవాళ్లూ ఆ మాటే అనుకున్నారు. కానీ అనుకుంటూ నడిచారు. నువ్వు అనుకుంటూ కూర్చున్నావు. వాళ్లకీ నీకూ తేడా అంతే.

కోప్పడ్డానని ఉత్తరం మడిచి పెట్టెయ్యకు. ముందు దీవెన అందుకో. లేచిన ప్రభువు పేరిట నీకూ, మీ అత్తమామలకూ, పటాలంతో బర్మా వైపు వెళ్లిన అల్లుడికీ మేలు కలుగు గాక. ఇక్కడ నేనూ నాన్నా ఆయన కృప వల్ల కులాసాగా ఉన్నాం. అక్కడ నువ్వూ కులాసాయేనని కాగితం మీద చదవాలని లేదు. కళ్లారా చూడాలని ఉంది.

నీ కిందటి ఉత్తరం నా వేదపుస్తకంలోనే పెట్టుకున్నాను. "అమ్మా, ఈస్టరుకి అందరి సమాధుల మీదా పువ్వులు పెడతారు. కంచె అవతల ఉన్న నా బిడ్డకి ఎవరు పెడతారు? వాడికి లేని పండగ నాకెందుకు?" అని రాశావు. గుడి గడప తొక్కడం మానేశావని మీ అత్తగారు వేరే రాయించారు. ఆ ప్రశ్న చదివిన నాటి నుంచీ నాకు అన్నం సహించలేదు. వానాకాలంలో మన ఇంట్లో పుట్టి, పాదిరి అయ్యగారు వచ్చి బాప్తిస్మం ఇచ్చేలోగా కన్ను మూసిన పసిగుడ్డు. బాప్తిస్మం లేదని సంఘం వాళ్లు సమాధుల తోటలో చోటివ్వలేదు. తుమ్మకంప కంచె అవతల, కాలవ గట్టున పెట్టించారు. ఆ రోజు నీకు మాట్లాడే ఓపిక లేదు. నేను మాట్లాడితే వినే చెవి లేదు.

దానికి జవాబు చెప్పడానికే ఈ ఉత్తరం. కానీ చిన్న చిన్నవి ముందు తీర్చేస్తాను. నాన్న ఉబ్బసం తగ్గింది. లోకో షెడ్డులో మళ్లీ పనికి వెళుతున్నారు. "మీ అమ్మ వాక్యం మొదలెడితే షెడ్డులో ఇంజన్లు కూత మానేస్తున్నాయని రాయి" అంటున్నారు. రాశాను. మేక ఈనింది, రెండూ ఆడవే. నీ పెళ్లి ముసుగు భద్రంగా ఉందా, మే నెలలో ఆడబిడ్డ పెళ్లికి కావాలి పంపమని అడిగావు. ముసుగు సంగతి తరువాత చెబుతాను.

ఈస్టరు ముందరి ఉపవాసాలు, లెంటు దినాలు మొదలవగానే పేట ఆడవాళ్లందరూ ఎప్పటిలాగే మధ్యాహ్నాలు మన వసారాలో చేరారు. ఈ ఎండలకి చెట్టు పువ్వు ఆరాధన ముగిసేలోగా వడలిపోతుందని మన అమ్మమ్మల నాటి నుంచీ సమాధులకి లేసు పువ్వులే అల్లుతున్నాం కదా. దారం సంఘం పెట్టెలోంచి వస్తుంది. తోటలో ఎవరి తాలూకు సమాధులున్నాయో చూసి సంఘపెద్ద మరియదాసుగారు ఉండలు పంచుతారు. ఈ ఏడు యుద్ధం మూలాన సీమ దారం బజారులో కంటికి కనపడటం లేదు. పెట్టెలో అడుగున మిగిలినదే పంచారు.

"ఇంకొక్క ఉండ ఇప్పించండి మరియదాసుగారూ," అన్నాను.

"మీ అత్తకీ మామకీ ఇచ్చానుగా."

"నా మనవడికి?"

ఆయన పెట్టె మూత వేసి, దాని మీద చెయ్యి పెట్టుకున్నారు. "లోపలి వాళ్లకే చాలక చస్తుంటే అవతలి వాళ్లక్కూడానా సంపూర్ణమ్మా? వెళ్లు, వెళ్లు. స్టేషను దగ్గర జనం ఉంటారు, ప్రసంగం చెప్పుకో."

మర్నాడు మంగళగిరి వెళ్లాను. అక్కడ మార్కండేయులుగారని ఒక నేతగాడు ఉన్నాడు. నేను సువార్త చెప్పడానికి వెళ్లినప్పుడల్లా మర్యాదగా మజ్జిగ ఇచ్చి, నా మాట ఒక్కటీ వినకుండా నేసుకుంటూ పోయే మనిషి. ఈసారి మగ్గం మీద నూలు లేదు. గుంటలో కాళ్లు పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

"నూలు కంట్రోలు గదమ్మా. నా మగ్గమే ఉపవాసం ఉంటే నీకేం పెట్టను? ఇయ్యాళ తీరిగ్గానే ఉన్నా, కావాలంటే నీ దేవుడి మాట చెప్పు, వింటా," అన్నాడు.

చెప్పాను. వేళ తెలియకుండా చెప్పాను. దారం దొరకలేదు గానీ వినే మనిషి దొరికాడు. తిరిగి వస్తూ దారంతా ప్రభువుతో పోట్లాడాను. 'అడగండి ఇస్తానన్నావు, అడిగాను, ఇవ్వు' అన్నాను. ఆయన ఇచ్చాడు. ఇంటికి చేరగానే దారం దొరికింది. ఎక్కడ దొరికిందని ఇప్పుడే అడగకు.

వంకీలు తిరిగిన దారం అది. తడిపి, పీట కోళ్లకి బిగించి చుట్టి, ఆ వంకీలు పోయేదాకా ఎండలో పెట్టాను. తరువాత లేసు సూది పట్టుకుని లిల్లీలు అల్లడం మొదలుపెట్టాను. ఒక్క నీ బిడ్డకే కాదు. వాడికి మాత్రమే అల్లితే అది నా మనవడి మీద ముద్దు అవుతుంది గానీ సువార్త కాదు. కంచె అవతల ఇంకా ఎవరెవరున్నారో నీకూ తెలుసు. కలరా వచ్చిన ఏడు రైలు దిగి ప్లాట్‌ఫారం మీదే ప్రాణం వదిలిన ఊరూ పేరూ తెలియని మనిషి. నూతిలో దూకిందని తోటలోకి రానివ్వని ఆ కోడలు. పేరు పెట్టకముందే పోయిన పసివాళ్లు.

"ఎవరికి పిన్నీ ఇన్ని అల్లుతున్నావు?" అని అడిగింది మొదటి రోజు ఒక అమ్మాయి.

"కంచె అవతలి వాళ్లకి."

సూదులన్నీ ఆగిపోయాయి. ఒకరు దగ్గారు. ఒకరు చీర కొంగు సర్దుకున్నారు. అప్పుడు మూల కూర్చున్న రావమ్మగారు చెయ్యి చాపారు. మరియదాసుగారి భార్య. వేళ్లు వణుకుతున్నాయని లేసు మానేసి ఏళ్లయింది ఆవిడ. "నాకో సూది ఇవ్వు సంపూర్ణం," అన్నారు. ఇచ్చాను. ఎవరికో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. వరస తప్పుతుంటే విప్పుకుంటూ, మళ్లీ అల్లుకుంటూ, రోజూ అందరికంటే ముందు వచ్చి కూర్చున్నారు.

పువ్వు అల్లితే సరిపోదు, అది నిలబడాలి. గంజిలో ముంచి, బాదం ఆకు పొట్లాల మీద తొడిగి ఆరబెట్టాం. మొదటి రోజు పెట్టినవి తెల్లారేసరికి మంచుకి మెత్తబడి వాలిపోయాయి. పక్కింటి కుల్సుం గోడ మీంచి చూసి నవ్వింది.

"ఏంటక్కా, మీ పువ్వులు నమాజు చేస్తున్నాయి? గంజిలో కాస్త తుమ్మజిగురు కలుపు, నిటారుగా నిలబడతాయి."

కలిపాను. నిలబడ్డాయి. మన మేక ఒకటి తినేసింది కూడా, జిగురు రుచి తగిలి. కుల్సుం దాని మూతి మీద ఒక్కటిచ్చి, తానే కూర్చుని గంజి కాచింది పండగ దాకా.

నిన్న సాయంత్రం మరియదాసుగారు వచ్చారు. వసారాలో దండెం మీద లిల్లీలు బారులు తీరి ఉన్నాయి. చేతికర్రతో ఒకదాన్ని కదిపి చూశారు.

"ప్రసంగాలు చాలక పండగలు కూడా మొదలెట్టావా సంపూర్ణమ్మా? కంచె అవతల ఆరాధన లేదు. సంఘం తీర్మానం."

"ప్రభువుని ఏ కంచె లోపల సిలువ వేశారండీ? ఊరి గుమ్మం బయట కాదూ?"

"మాట తిప్పకు. వాళ్లకి బాప్తిస్మం లేదు."

"ఆయన పక్కన వేలాడిన దొంగకి ఎవరిచ్చారు బాప్తిస్మం? అయినా ఆ రోజే పరదైసుకి వెంటబెట్టుకుని వెళ్లలేదూ?"

ఆయన మొహం కందగడ్డ అయింది. "నోర్ముయ్! నా బిడ్డని దొంగతో పోలుస్తావా?"

నాకు వెంటనే అందలేదు సువార్తా. ఎవరికీ అందలేదు. మేమెవ్వరం ఈ పేటకి కోడళ్లుగా రాకముందే, ఆయన తొలిచూలు ఆడపిల్ల బాప్తిస్మం లేకుండా పోయిందనీ, ఆ కంచె అవతలే ఉందనీ మాకు తెలియదు. పెద్దరికం కోసం తన బిడ్డకే కంచె వేసుకుని, ఇన్నేళ్లూ దాన్ని కాపలా కాశాడు ఆ మనిషి.

రావమ్మగారు తల ఎత్తలేదు. సూది ఆపలేదు. "ఇన్నాళ్లకి మీ నోట వచ్చిందండీ, నా బిడ్డ అని. ఇంకోసారి అనండి, వింటాను," అన్నారు.

ఆయన చెప్పులు మరిచిపోయి వెళ్లిపోయారు.

ఇక పొద్దున్న ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు. తోట తలుపుకి తాళం వేయిస్తారని ఒకరు, నన్ను సంఘంలోంచి తీసేస్తారని ఒకరు. తీసేస్తే కంచె అవతల చోటుందిలే అన్నాను. నవ్వారు గానీ భయంగానే నవ్వారు.

ఇవాళ చీకటితోనే కొవ్వొత్తులు పట్టుకుని, పాడుకుంటూ వెళ్లాం. లోపలి సమాధులన్నీ సున్నం కొట్టి తెల్లగా ఉన్నాయి. పువ్వులు పెట్టాం, ప్రార్థన అయింది. ఎప్పుడూ అక్కడితో వెనక్కి తిరుగుతాం కదా. నేను తిరగలేదు. లిల్లీల బుట్ట నెత్తిన పెట్టుకుని కంచె కేసి నడిచాను. వెనక రావమ్మగారు, ఆవిడ వెనక పేట ఆడవాళ్లంతా, వాళ్ల వెనక మగవాళ్లూ. చూస్తే కంచె దగ్గర మరియదాసుగారు మాకంటే ముందే నిలబడి ఉన్నారు, చేతిలో లాంతరు.

 నాలుక మీద వాక్యాలు బారులు తీరాయి, ఏది విసరాలా అని. విసరాల్సిన పని లేకపోయింది. ఆయన లాంతరు మీ నాన్న చేతికిచ్చి, వంగి, వట్టి చేతులతో తుమ్మకంప లాగడం మొదలుపెట్టారు.

"కర్ర తెస్తా ఉండండి, ముళ్లు దిగుతాయి," అన్నారు నాన్న.

"దిగనీ," అన్నారాయన.

దిగాయి. అరచేతుల నిండా నెత్తురు. కంప ఒక్కొక్కటే లాగి కాలవలోకి తోశారు. దారి తెరుచుకుంది. అప్పుడు నా వైపు తిరిగి, "సంపూర్ణమ్మా, వాక్యం నువ్వే చదువు. నాకు గొంతు రావడం లేదు," అన్నారు.

విన్నావా? సంతల్లో చెప్పుకో, స్టేషనులో చెప్పుకో, ఆరాధనలో మాత్రం ఆడది నోరు విప్పకూడదన్న మనిషి! ఎవరూ నేర్పకుండా, పొయ్యి ముందు కూర్చుని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకున్న నేను, ఆ గట్టు మీద నిలబడి చదివాను. బూడిదకి బదులు పూదండ ఇస్తానన్న మాట చదివాను. ప్రభువు లేచాడన్న వార్త ముందుగా మోసుకొచ్చింది ఆడవాళ్లేననీ, మగవాళ్లు అది పిచ్చి మాటలని కొట్టిపారేశారనీ చెప్పాను. మగవాళ్లు తలలు వంచుకున్నారు. కాసేపే చెప్పాను. నాన్నని అడిగితే ఎండెక్కేదాకా అంటారు, నమ్మకు. రైలు దిగి పోయిన ఆ మనిషికి పువ్వు వచ్చింది. నూతిలో పడ్డ కోడలికి వచ్చింది. రావమ్మగారు తన వంకర టింకర లిల్లీని ఒక చిన్న దిబ్బ మీద పెట్టి, పక్కన కూర్చున్నారు. ఆయనా నెత్తుటి చేతులతోనే పక్కన కూర్చున్నారు.

ఇప్పుడు ముసుగు సంగతి.

నీ పెళ్లి ముసుగు లేదు సువార్తా. విప్పేశాను. మంగళగిరి నుంచి వట్టి చేతులతో వచ్చి, పెట్టె తెరిచి, చివరి ముడి కోసి లాగాను. నీకు తెలుసు, లేసు ఎక్కడ ముగించామో అక్కడ తెంపితే మొదటి దాకా జారిపోతుంది. అంచున ద్రాక్ష గుత్తులు పోయాయి, ఆకులు పోయాయి, నెలల తరబడి నీ పక్కన కూర్చుని నేను అల్లినదంతా నా ఒళ్లో కుప్ప పడింది.  ఆపానా అంటే ఆపలేదు. ప్రభువు ప్రాణం విడిచినప్పుడు దేవాలయపు తెరని దేవుడు పైనుంచి కింద దాకా చింపాడు. నేను పొదుపు మనిషిని కాబట్టి విప్పాను.

నిన్ను అడగలేదు. ఉత్తరం వెళ్లి జవాబు వచ్చేలోగా పండగ దాటిపోతుంది. పైగా నీ మనసు నాకు తెలుసు. కాదంటావా, నా ఎదుట నిలబడి తిట్టు, పడతాను. మీ అత్తగారికి నేనే వచ్చి చెప్పుకుంటాను. ముసుగు లేదని ఏ పెళ్లికూతురినీ దేవుడు గుడిలోంచి పంపెయ్యడు. కానీ ఇది విను. దారం వంకీ చూసి అది నీ ముసుగని పేట ఆడవాళ్లు కనిపెట్టేశారు. మర్నాడు ఒకామె దిండు గలీబు అంచు విప్పి తెచ్చింది. ఇంకొకామె రవికె చేతుల లేసు. ఎవరి పెళ్లిదో బల్లగుడ్డ. నీ ముసుగు మొదలుపెట్టింది, అందరి పెట్టెలూ తెరుచుకున్నాయి. అవతల ఉన్న ప్రతి బిడ్డ మీదా ఇవాళ నీ దారం ఉంది.

ఒక్క బిడ్డ మీద తప్ప. రావమ్మగారు పెట్టబోతే నేనే చెయ్యి పట్టుకున్నాను. ఉత్తరంతో పాటు ఇచ్చిన పొట్లం విప్పి చూడు. ముసుగులో నడినెత్తిన వచ్చే నక్షత్రం. ముందుగా అల్లింది అదే కాబట్టి అదే మిగిలింది, అక్కడికి రాగానే లాగడం ఆపేశాను. నీ బిడ్డకి ఎవరు పెడతారని అడిగావు. నువ్వు పెడతావు. ఆ దిబ్బ ఖాళీగా ఉంది. మరియదాసుగారు అక్కడే కూర్చుని ఉన్నారు, నువ్వు వచ్చేదాకా కదలనన్నారు.

ఈ ఉత్తరం నీ చేతికిచ్చినవాడు కుల్సుం మొగుడు బాబ్జాన్. పెట్రోలు దొరక్క బొగ్గు మీద నడుస్తున్న ఆ బస్సు నడిపేది అతనే. గుడివాడలో మళ్లీ బొగ్గు నింపి రాజేసేదాకా ఆగుతాడు, ఆ తరువాత ఆగడు. ముందు సీటు నీకోసం ఉంచమన్నాను. దీపాల వేళకి బెజవాడ చేరతావు, ఇంకా పండగ వెళ్లదు. రేపు అనకు, రేపు ఉత్త సోమవారం. అత్తగారికి చెప్పు, అడగకు. పొయ్యి మీద అన్నం ఉంటే దించు, కట్టుకున్న చీరతోనే రా. నక్షత్రం చేతిలోనే పట్టుకో. లే సువార్తా, ఈ కాగితం కింద పెట్టి, ఇప్పుడే, ఈ నిమిషమే బస్సెక్కు!

ఇట్లు,
కంచె తీసిన చోట నిలబడి నీ దారి చూస్తున్న
మీ అమ్మ,
సంపూర్ణమ్మ