ముందు సీట్ల బంతిపూల బుట్ట

అమ్మా,

ఇయ్యాల నీ సంవత్సరీకం. పొద్దుగాల గుడిమల్కాపూర్ల బంతిపూలు కొని, బుట్టను కార్ల నా పక్క సీట్ల పెట్టిన. పూలు కాళ్లకాడ పెట్టొద్దని చిన్నప్పటి సంది నువ్వే కదా నా నెత్తి తిన్నది. కారు కదిలిందో లేదో, పక్క సీటుకు బెల్టు పెట్టుమని బీప్ బీప్ అనుకుంట ఒకటే లొల్లి. నయాపూల్ కాడ మెకానిక్ భాయ్‌కి చూపిస్తే నవ్విండు.

"సీటు లోపల సెన్సర్ ఉంటది మేడం. వజన్ పడితే మనిషి కూసున్నడనుకుంటది. తడిపూలు మస్తు బరువుంటయి. బుట్ట కింద పెట్టుండ్రి, ఊకుంటది."

నాకు ఒళ్లు మండింది. పోయినేడు నిన్ను ఇదే సీట్ల కూసోబెట్టుకొని దవాఖానకు తిప్పిన. బెల్టు ఒత్తుకుంటే కడుపు నొస్తదని నువ్వు పెట్టుకోకపోయేదానివి. ఒక్కనాడన్న మోగిందా? సీటు ఖరాబైతదేమోనని అంచుకు కూసునేదానివి, మనిషివి పుల్లలెక్క అయితివి. గందుకని బంతిపూల బుట్ట మనిషంట, నన్ను కన్నదానివి నువ్వు కాదంట! గిదేం లెక్క? మనిద్దరం దారి పొడుగునా ముచ్చట పెట్టుకుంట పోతుంటే, దీని లెక్కల కార్ల నేనొక్కదాన్నే ఉన్ననా?

"ఆ సెన్సర్ తీగ పీకేయమంటరా?" అని అడిగిండు భాయ్.

వద్దన్న. బుట్ట కింద పెట్టలే, దానికి బెల్టు గూడ పెట్టలే. ఇంటిదాక కారు ఒర్రుకుంటనే వచ్చింది. ఒర్రనీ. ఆ సీట్ల మనిషి ఉన్నదని గిప్పటికన్న ఒప్పుకున్నది.