అక్కయ్య గొంతుకు అతిమధురం

8 జనవరి 2002
అక్కయ్యకు మళ్లీ గొంతు పట్టేసింది. సాయంత్రం సంగీతానికి వచ్చిన పిల్లలకు పై షడ్జం చూపించబోయి ఆగిపోయింది. నవ్వేసి, "మీరే అనండర్రా" అంది. వాళ్లు వెళ్లాక నవ్వలేదు.

శివరాత్రికి పట్టిసీమ గుడిలో పాడమని పిలుపు వచ్చింది. బావగారు పోయి అక్కయ్య నా దగ్గరికి వచ్చేశాక, ఈ పదకొండేళ్లలో మొదటి కచేరీ. "పాడలేనని ముందే చెప్పేస్తే మర్యాదగా ఉంటుందేమోనే చిట్టీ..."

చెప్పనివ్వను.

11 జనవరి
బడి వదిలాక కొవ్వూరులో బస్సెక్కి, వంతెన దాటి రాజమండ్రి. మూలికల కొట్లో అతిమధురం వేళ్లు కొన్నాను. చిన్నప్పుడు దగ్గొస్తే అమ్మ ఒక ముక్క నోట్లో పెట్టేది. చూడ్డానికి ఎండుపుల్ల, నమిలితే తీపి.

కొట్టాయన: "రెండు పూటలా కషాయం కాచి ఇవ్వండమ్మా. చెట్టు వేరు... దాంతో హానేముంటుందండీ."

13 జనవరి
పొద్దున గ్లాసుడు, సాయంత్రం గ్లాసుడు. మధ్యలో బుగ్గన ఒక ముక్క. "మందు ఇంత రుచిగా ఉంటే జబ్బు పడ్డా బాగుంటుందే" అంటోంది.

27 జనవరి
గొంతు విచ్చుకుంది!

ఆదివారం. బియ్యం కడుగుతుంటే లోపలినుంచి రాగం. గిన్నె అక్కడే వదిలేసి వెళ్లాను. పక్క వాటా రత్నంగారు బెండకాయలు తరుగుతున్న కత్తి చేతిలోనే పట్టుకుని మా గుమ్మంలో నిలబడిపోయారు. అక్కయ్య కళ్లు మూసుకుని పాడుతోంది. ఎక్కడా జీర లేదు. నాకు ఓణీ కట్టడం నేర్పినప్పటి అక్కయ్య గొంతు అది.

2 ఫిబ్రవరి
డాక్టరుగారి దగ్గరికి, ఎప్పటిలా చూపించుకోడానికి. బీపీ నూట డెబ్బై! రెండేళ్లుగా ఇవే మాత్రలకు బుద్ధిగా ఉన్నదే.

"మాత్రలు మానేశారా అమ్మా?"

"లేదండీ."

ఉప్పు తగ్గించమన్నారు. పొద్దున వేసుకునే నీళ్ల మాత్ర, ఒంట్లో చేరిన నీరు తీసేసేది, దాని మోతాదు పెంచారు.

3 ఫిబ్రవరి
ఆవకాయ జాడీ అటకెక్కింది. అప్పడాలు లేవు. చప్పిడి పప్పు. అక్కయ్య ముద్ద కలిపి, చూసి, "ఇది వంటా, శిక్షా?" అంది.

10 ఫిబ్రవరి
పాదాలు వాచాయి. నొక్కితే గుంట పడుతోంది. పొద్దున లేస్తూనే తలనొప్పి. రేవు మెట్లు రెండెక్కి కూర్చుండిపోయింది - తొడల్లో సత్తువ లేదట. అయినా సాధన మానదు. గొంతు మాత్రం బంగారం.

14 ఫిబ్రవరి
నూట తొంభై. డాక్టరుగారు నావైపు చూశారు. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు - ఈవిడ మందులు మింగడం లేదు.

ఇంటికొచ్చి మాత్రల అట్టలు తీసి లెక్కపెట్టాను. సరిపోయాయి. అయినా నమ్మలేదు. పారేస్తోందనుకున్నాను.

"మింగుతున్నానే తల్లీ, నీ మీద ఒట్టు."

"ఒట్లు వేయకు, మాత్రలు వేసుకో! నీకు కచేరీయే కావాలి. నువ్వు పడిపోతే చెయ్యాల్సింది నేను."

అనేశాను. తను చెప్పులు వేసుకుని వీధి చివరిదాకా వెళ్లి వచ్చింది.

15 ఫిబ్రవరి
ఇవాళ్టినుంచి నా ఎదురుగానే మాత్ర మింగి, నోరు తెరిచి చూపిస్తోంది. చిన్నపిల్లలా.

20 ఫిబ్రవరి
పొద్దున ఏడింటికి కషాయం గ్లాసు అందించాను. కుడిచెయ్యి చాచింది. పట్టుకోలేకపోయింది. నోరు ఒక పక్కకు... "చి..." అంది. మిగతా సగం రాలేదు.

22 ఫిబ్రవరి
రాజమండ్రి, ఆసుపత్రి. మెదడులో నరం చిట్లిందట. కుడి పక్క పడిపోయింది. మాట లేదు.

రక్తపరీక్షలో పొటాషియం బాగా తక్కువ. ఇక్కడి డాక్టరమ్మ చిన్నపిల్ల, నా దగ్గర చదువుకున్న పిల్లల వయసు. కాగితం చూస్తూ అడిగింది -

"మాత్రలు కాకుండా ఇంకేమైనా ఇస్తున్నారా అండీ? ఆకులు, వేళ్లు, పొడులు?"

"మందులేం లేవమ్మా. గొంతుకని అతిమధురం..."

"రోజూనా? ఎన్నాళ్లనించి?"

చెప్పాను. కలం కింద పెట్టింది.

అతిమధురం రోజూ తీసుకుంటే ఒంట్లో ఉప్పూ నీరూ నిలబెట్టేస్తుందట, బీపీ పెంచుతుందట. పొటాషియం పోగొడుతుందట. నీళ్ల మాత్ర కూడా అదే పోగొడుతుంది. రెండూ కలిసి... ఆ కాళ్ల వాపు. ఆ తొడల నీరసం.

"దీనివల్లే అని నేను గట్టిగా చెప్పలేనండీ. కానీ ముందే చెప్పుండాల్సింది."

ఎవరికి చెప్పను? కషాయం మందు అనుకుంటేగా. మా ఊరి డాక్టరుగారు అడగలేదు, నేనూ అనలేదు. ఆవకాయ దాచాను. కషాయం మాత్రం చేతులారా కాచి ఇచ్చాను.

మాత్రలు మింగుతూనే ఉంది అక్కయ్య. నిజమే చెప్పింది.

12 మార్చి
శివరాత్రి. పట్టిసీమలో ఎవరు పాడారో తెలియదు. అడగలేదు.

20 మార్చి
ఇంటికి తెచ్చుకున్నాం. బీపీ నూట ముప్పైఅయిదు. పాత మాత్రలే.

రత్నంగారు వెల్లుల్లి తెచ్చారు, పచ్చివి రోజూ నాలుగు నమిలితే రక్తం పలచబడుతుందట. మంచి మనసుతోనే తెచ్చారు. నేనూ మంచి మనసుతోనే... డాక్టరమ్మని అడక్కుండా ఏదీ పెట్టనండీ అన్నాను. గొంతు పెరిగిందేమో, ఆవిడ నొచ్చుకుని వెళ్లారు.

4 ఏప్రిల్
పిల్లలు ఇద్దరు చూడ్డానికి వచ్చారు. ఒకమ్మాయి మెల్లగా సరళీ స్వరాలు పాడింది. అక్కయ్య ఎడమచేత్తో దుప్పటి మీద తాళం వేసింది. ఒక్క దెబ్బ తప్పలేదు.

అన్నీ అర్థమవుతున్నాయన్నమాట. ఇక దాచలేను.

7 ఏప్రిల్
చెప్పేశాను.

మంచం పక్క పీట వేసుకుని కూర్చుని, కషాయం సంగతి, పొటాషియం సంగతి, అంతా. "నువ్వు అబద్ధం ఆడలేదు అక్కయ్యా. నేనే..." ఆ తర్వాత మాట నాకూ రాలేదు.

చాలాసేపు నా మొహంలోకి చూసింది. కోపమో, జాలో, ఆ సగం మొహంలో పోల్చుకోలేకపోయాను. నెమ్మదిగా తల కిటికీవైపు తిప్పుకుంది.

మధ్యాహ్నం మజ్జిగన్నం మెత్తగా పిసికి తెచ్చాను. చెంచా పెదాలదాకా తీసుకెళ్లాను. నోరు తెరవలేదు.

ఆకలి లేకా... నేను పెడుతున్నాననా...

గిన్నె మూతపెట్టి ఇక్కడ కూర్చున్నాను. ఇంకో అరగంట ఆగి మళ్లీ వెళ్తాను.